నా ఎస్‌జీపీటీ తగ్గింది, కానీ నా సాక్ష్యం చెల్లదు

పోయిన నెల తణుకు నుంచి మా పెద్దమ్మగారి అబ్బాయి ఫోన్ చేశాడు. పలకరింపులేమీ లేవు. "ఒసే చిన్నీ, నువ్వేదో లివర్ మాత్రలు వాడావంట కదా, దాని పేరు వాట్సాప్‌లో పెట్టు" అన్నాడు.

"నీకెందుకు అన్నయ్యా?"

"నాక్కూడా ఏదో కొంచెం ఎక్కువొచ్చిందే టెస్టులో. నీది సగానికి సగం తగ్గిందని పిన్ని చెప్పింది."

పిన్ని అంటే మా అమ్మ. నా లివర్ సంగతి మా అమ్మకు చెప్పడమంటే ఊళ్లో దండోరా వేయించడమే. ఆ మాట అలా ఉంచితే, అన్నయ్య అడిగినదాంట్లో అబద్ధం లేదు. నేను వాడాను, తగ్గింది. పేరు పెట్టేస్తే అయిపోయేది. ఫోన్ చేతిలో పట్టుకుని పది నిమిషాలు పెట్టలేకపోయాను. ఎందుకు పెట్టలేకపోయానో చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు నా కథ. రెండేళ్ల క్రితం, నాకు 46 ఏళ్లప్పుడు, ఆఫీసువాళ్లు చేయించే హెల్త్ చెకప్‌లో ఎస్‌జీపీటీ 71 వచ్చింది. లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము అది. ఆ ల్యాబ్ వేసిన పైహద్దు 40. స్కానింగ్‌లో గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్. డాక్టరుగారు రిపోర్టు చూసి, ఐదు కిలోలు తగ్గి మూడు నెలల తర్వాత రమ్మన్నారు. చీటీ మీద ఇంకేమీ రాయలేదు. ఆరు వందలు ఫీజు కట్టి ఖాళీ చీటీతో బయటికొచ్చిన బాధ ఉంటుందే, అది అనుభవిస్తే గానీ తెలియదు. జబ్బుందన్నారు, మందు లేదన్నారు. ఇదెక్కడి న్యాయం?

ఆ బాధను ఇంటి కింద మెడికల్ షాపు అబ్బాయి తీర్చాడు. అరవై మాత్రల డబ్బా ఇచ్చి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోమన్నాడు. డబ్బా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, "యాంటీఆక్సిడెంట్ లివర్ సపోర్ట్" అని పెద్దక్షరాలు. లోపల సిలిమారిన్ 140 మిల్లీగ్రాములు, కాస్త విటమిన్ ఇ, కాస్త పసుపు సారం, ఇంకా నాలుగైదు పేర్లు. నెలకు వెయ్యి పైచిలుకు ఖర్చు. మూడు నెలలు వాడి మళ్లీ పరీక్ష చేయించుకుంటే ఎస్‌జీపీటీ 44. ఇంట్లో పండగ. ఆ పండగ కబురే తణుకు దాకా వెళ్లింది.

మా అమ్మ ఎవరికీ చెప్పనివి కొన్ని ఉన్నాయి. ఆ మూడు నెలల్లో నేను మూడున్నర కిలోలు తగ్గాను. రోజుకు నాలుగు కాఫీల్లో పడే పంచదార మానేశాను. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ చుట్టూ సాయంత్రం నలభై నిమిషాలు నడిచాను. ఇక అసలు సంగతి, మొదటి పరీక్ష చేయించుకున్నది వైరల్ జ్వరం తగ్గిన పది రోజులకు, ఐదు రోజులు పారాసెటమాల్ మింగాక. అంటే ఆ 71 అనేది నా మామూలు అంకె కాకపోవచ్చు. ఏ మందూ లేకపోయినా అది దానంతటదే దిగి ఉండేదేమో.

ఇన్నింటిలో దేని వల్ల తగ్గింది? నాకు తెలియదు. నాకే కాదు, నా ఒక్కదాని రిపోర్టులు చూసి ఎవరూ చెప్పలేరు. మాత్ర మానేశాక రెండు నెలలకు పరీక్ష చేయిస్తే 39 వచ్చింది. "చూశారా, మాత్ర లేకుండానే ఇంకా తగ్గింది" అని ఎగిరి గంతేయబోయాను. అదీ రుజువు కాదని ఆ తర్వాత గుర్తొచ్చింది. నడక మాత్రం మానలేదు కదా.

పసరు పోసినవాడి పుణ్యం

ఈ చిక్కు మనకు కొత్తది కాదు. మా చిన్నప్పుడు కామెర్లు వస్తే పసరు పోయించేవారు. ప్రతి ఊరి పక్కనా ఒక ఊరు, అక్కడ తెల్లవారుజామున పసరు పోసే ఒక మనిషి ఉండేవాడు. ఉప్పూ నూనే లేని పథ్యం, మూడు వారాల్లో కళ్లు తెల్లబడేవి. పిల్లలకు వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ. అది కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. పుణ్యం మాత్రం పసరు పోసినవాడి ఖాతాలో పడేది. తగ్గనివాళ్లు? వాళ్లు తిరిగొచ్చి చెప్పరు కదా.

అలాగని నాటు మందులను ఎవరూ పరీక్షించలేదనుకోవద్దు. ఆ పసర్లలో ఎక్కువగా వాడే నేల ఉసిరినే తీసుకోండి. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు దాని పొడి నెల రోజులు ఇచ్చి చూశారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయింది. పోల్చి చూడ్డానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. లాన్సెట్‌లో అచ్చయింది. ఆ వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ పేరు కూడా ఆ వ్యాసం మీద ఉంది. ఇంతకన్నా గొప్ప సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది. కానీ తర్వాత థాయ్‌లాండ్‌లోనూ, ఇతర చోట్లా చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అరవై మందితో చేసిన పరీక్షే ఇలా చేజారిందంటే, ఒక్క మనిషినైన నా మాట ఏ పాటిది?

తుప్పు లెక్క

యాంటీఆక్సిడెంట్ అమ్మేవాళ్లందరూ చెప్పే కథ ఒకటే. ఇనుముకు తుప్పు పట్టినట్టు లివర్‌కు తుప్పు పడుతుంది, ఈ మాత్ర తుప్పు వదిలిస్తుంది. పూర్తిగా కట్టుకథ కాదు. కాలేయంలో కొవ్వు పేరుకుంటే, దాన్ని కాల్చే పనిలో కణాల లోపల చురుకైన ఆక్సిజన్ రేణువులు ఎక్కువగా పుడతాయి. అవి కణాలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ మోతాదు మించి మింగినవాళ్లను ఆసుపత్రిలో కాపాడేది ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు. అది చేసే పని కాలేయంలో అడుగంటిన గ్లూటాథియోన్‌ను, అంటే ఒంట్లోనే తయారయ్యే యాంటీఆక్సిడెంట్‌ను, మళ్లీ నింపడం. అంటే యాంటీఆక్సిడెంట్ అన్న మాట కాలేయం దగ్గర ఉత్త ప్రకటన మాట కాదు.

కానీ మనిషి ఇనప గేటు కాదు. అవే ఆక్సిజన్ రేణువులతో తెల్లకణాలు సూక్ష్మజీవుల్ని చంపుతాయి, కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. అన్నింటినీ తుడిచేస్తే ఏమవుతుందో ముందే ఎవరూ చెప్పలేరు, చేసి చూడాల్సిందే. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్లతో చేసి చూశారు. బీటా కెరోటిన్ మాత్ర మింగినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. 1994 నాటి మాట ఇది. క్యారెట్‌లో ఉండేదే కదా అని ఇచ్చారు పాపం.

సరే, లివర్‌కే వద్దాం. నేను మింగిన మాత్రలో పెద్దక్షరాల్లో ఉన్నది సిలిమారిన్. మిల్క్ థిజిల్ అనే ముళ్ల మొక్క గింజల సారం. 2012లో అమెరికాలో, ఇంటర్‌ఫెరాన్ అనే అప్పటి మందుతో నయంకాని హెపటైటిస్ సి రోగులు 154 మందిని మూడు గుంపులు చేశారు. ఒకరికి ఉత్తుత్తి మాత్ర, ఒకరికి 420 మిల్లీగ్రాముల సిలిమారిన్ రోజుకు మూడుసార్లు, ఇంకొకరికి 700 మిల్లీగ్రాములు మూడుసార్లు. 24 వారాలైనా ఎస్‌జీపీటీ అనుకున్నంత తగ్గింది ఒక్కో గుంపులో ఇద్దరికే. ఉత్తుత్తి మాత్ర గుంపులోనూ ఇద్దరికే!

ఫ్యాటీ లివర్ వేరు, వైరస్ వేరు అంటారా? నిజమే. మలేసియాలో ఫ్యాటీ లివర్ ముదిరి వాపు వచ్చిన 99 మందితో చేసిన పరీక్ష 2017లో వచ్చింది. సూదితో ముక్క తీసి మరీ చూశారు. ముందుగా పెట్టుకున్న గీటురాయి ప్రకారం మెరుగైనవాళ్లు సిలిమారిన్ గుంపులో 32.7 శాతం, ఉత్తుత్తి గుంపులో 26 శాతం. ఆ తేడాను లెక్కలోకి తీసుకోలేమన్నారు. అయితే కాలేయంలో మచ్చకట్టడం తగ్గినవాళ్లు 22.4 శాతం, అవతల 6 శాతమే. దీన్ని దాచేస్తే నేనూ మెడికల్ షాపు అబ్బాయీ ఒకటే అవుతాం, అందుకే చెప్తున్నాను. ఆశ ఉంది. ఇంకా పెద్ద పరీక్ష చేస్తే గానీ అది నిలబడుతుందో నేల ఉసిరిలా జారిపోతుందో తేలదు.

కానీ మోతాదు చూడండి. వాళ్లకు ఇచ్చింది రోజుకు 2,100 మిల్లీగ్రాములు, 48 వారాలు. నేను మింగింది 280, అదీ మూడు నెలలు. ఏడో వంతుకన్నా తక్కువ. పరిశోధన పేరు డబ్బా మీద, పరిశోధనలోని మోతాదు ఇంకెక్కడో. బిర్యానీ వాసన చూపించి పులిహోర పొట్లం చేతిలో పెట్టడం లాంటిది.

గట్టి రుజువు ఉన్నది విటమిన్ ఇకి. చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు మొహానికి పూసుకునే ఆకుపచ్చ గొట్టాల్లో ఉండేదే. 2010లో వెలువడిన పరీక్షలో, ఫ్యాటీ లివర్ ముదిరి వాపు వచ్చి, షుగర్ మాత్రం లేని 247 మందిలో ఒక గుంపుకు రోజుకు 800 యూనిట్ల చొప్పున 96 వారాలు ఇచ్చారు. మెరుగైనవాళ్లు 43 శాతం, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 19 శాతం. అది నిజమైన తేడా. అయితే నాకు ఆ 43 కన్నా ఈ 19 ఎక్కువ నచ్చింది. మందేమీ లేని మాత్ర మింగి, కాలేయం ముక్కలోనే మెరుగుదల కనపడ్డవాళ్లు ఐదుగురిలో ఒకరు. ఆ ఒకరు నేనే అయితే? ఊరంతా ఆ పిండి మాత్ర పేరు వాట్సాప్‌లో తిరిగేది.

పైగా ఆ విటమిన్ ఇ కూడా ఊరికే రాదు. ఇందులో సగం మోతాదు, అంటే 400 యూనిట్లు, 35 వేల మంది మగవాళ్లతో చేసిన పెద్ద పరీక్షలో ఒక గుంపుకు ఇచ్చారు. వాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది. అందుకే డాక్టర్లు మనిషిని బట్టి రాస్తారు, లేదా మానేస్తారు. రాసేవాళ్లున్నారని నాకూ తెలుసు. సిలిమారిన్ కూడా మా ఆఫీసులో నలుగురి చీటీల మీద చూశాను. ఖాళీ చీటీతో పంపితే మనలాంటివాళ్లం మొహం మాడ్చుకుంటామని వాళ్లకూ తెలుసు.

వంటింటి పసుపు, డబ్బాలో పసుపు

"పనిచెయ్యకపోతే పోయె, నష్టమైతే లేదు కదా" అని మా వారు అన్నారు. నేనూ అలాగే అనుకుని మింగాను.

నా మాత్రలో పసుపు సారం ఉందన్నాను కదా. పసుపు గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ పులిహోరలో వేసే పసుపులో కర్‌క్యుమిన్ అనే దాని ముఖ్య పదార్థం కొంచెమే ఉంటుంది, అందులోనూ ఒంటికి పట్టేది ఇంకా కొంచెం. 1998లో బెంగళూరు పరిశోధకులు దానికి మిరియాల్లోని పైపెరిన్ కలిపి ఇస్తే రక్తంలోకి చేరేది 2,000 శాతం పెరిగింది. ఇప్పుడు ప్రతి డబ్బా మీదా గొప్పగా వేసుకునేది ఈ అంకెనే. బాగా ఒంటపడితే బాగా పనిచేస్తుందన్నది ఒక ఊహ. బాగా ఒంటపడేది కాలేయం మీద బరువు కూడా బాగా వేయగలదు. అమెరికాలో మందుల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులను నమోదుచేసే బృందం పసుపు మాత్రల వల్ల జరిగినవి పది కేసులు బయటపెట్టింది. ఐదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పదిమందిలో ఏడుగురికి ఒకే రకం జన్యువు ఉంది. అంటే అందరికీ జరిగేది కాదు. ఎవరికి జరుగుతుందో మింగకముందు మనకు తెలియదు, అంతే. గ్రీన్ టీ సారమూ ఇంతే. కప్పులో తాగితే ఫర్వాలేదు. మాత్రల్లో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన దాని ముఖ్య పదార్థం పడితే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. లివర్ కోసం మింగేది లివర్‌నే కొట్టడం!

మన దేశంలోనూ కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయాలు తాగి లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబయి డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ మొక్క తిప్పతీగ కాదేమో, ఇంకోటేమో అంది. ఆ వాదన నిజమే అయినా కొనేవాడికి ఓదార్పు ఏముంది? ఏ మొక్క పడిందో తెలియని సీసా ఇంకా భయం కదా.

ఇది రాసేముందు నా పాత డబ్బా తీసి వెనక్కి తిప్పి చూశాను. ముందు వైపు "లివర్ సపోర్ట్". వెనక, చత్వారం కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనపడని అక్షరాల్లో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్". ఆహార భద్రతా సంస్థ లైసెన్సుతో అమ్మే ఇలాంటివాటి మీద ఆ మాట ఉండి తీరాలన్నది నియమం. మందు కాదని వాళ్లే ఒప్పుకున్నారు. మందనుకున్నది నేను.

నా మీద నాకే ఉన్న అనుమానం

ఇంత మాట్లాడాను కదా, నన్ను తొలిచే సంగతి ఒకటుంది. డబ్బా కొనకపోతే నేను నడిచేదాన్నా? ఆ ఆకుపచ్చ డబ్బా బ్రష్షుల స్టాండు పక్కనే ఉండేది. రోజూ పొద్దున దాన్ని చూస్తే నాకో జబ్బుందని గుర్తొచ్చేది. వెయ్యి రూపాయలు పెట్టాక పంచదార వేసుకోవడానికి చేయి వచ్చేది కాదు. మాత్ర నా లివర్‌లో ఏం చేసిందో తెలియదు గానీ, నా తలలో ఏదో చేసిందేమో.

ఒళ్లు తగ్గించమని చెప్పడం ఎంత తేలికో తగ్గడం అంత కష్టం. క్యూబాలో 293 మందిని ఏడాది పాటు తిండీ వ్యాయామం వెంటపడి చూసుకున్నారు. ఒంటి బరువులో పదో వంతు తగ్గినవాళ్లలో 90 శాతం మందికి కాలేయంలో వాపు జబ్బే పోయింది. ఏ మాత్రా దీని దరిదాపులకు రాలేదు. కానీ అంత వెంటపడినా కనీసం ఐదు శాతం బరువు తగ్గినవాళ్లు 30 శాతమే. నూటికి మిగతా డెబ్బై మందికి ఏం చెప్తాం? హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉందని హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2025లో ప్రకటించారు. రాత్రి పదకొండుకు కాల్ ముగించి, పన్నెండుకు పార్సిల్ విప్పే పిల్లవాడికి నడక అంటే నవ్వొస్తుంది. మాత్రంటే కొంటాడు. వాణ్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

అయినా ఈ వాదన నన్ను ఒక మెట్టు వరకే తీసుకెళ్తుంది. మాత్ర నాకు గుర్తుచేసే గంటలా పనిచేసింది, సరే. ఇంకొకరికి అదే మాత్ర జోలపాటలా పనిచెయ్యొచ్చు. మందు వేసుకుంటున్నాను కదా అని నిద్రపోతారు. అన్నయ్య ఫోన్ దగ్గర నేను ఆగిపోయింది ఇక్కడే.

పేరు పెట్టకుండా, "ముందు నీ రిపోర్టు ఫోటో పెట్టు" అన్నాను. విసుక్కున్నాడు, పెట్టాడు. ఎస్‌జీపీటీ 41. నా మొదటి అంకెలో అరవై శాతం కూడా లేదు. "చూశావా, నీకన్నా నాదే నయం" అన్నాడు. కింద ఎస్‌జీఓటీ, అలాంటిదే ఇంకో ఎంజైము, 68. ఇంకో కాగితం మీద ప్లేట్‌లెట్లు లక్షా ముప్ఫై ఐదు వేలు. అన్నయ్య వయసు 58. రైసుమిల్లు లెక్కలు చూసి ఇంటికొచ్చాక రోజూ రెండు పెగ్గులు పడాలి, ఇరవై ఏళ్లుగా.

డాక్టర్లు వాడే చిన్న లెక్క ఒకటుంది, ఫిబ్-4 అంటారు. వయసును ఎస్‌జీఓటీతో హెచ్చవేసి, దాన్ని వేలల్లో రాసిన ప్లేట్‌లెట్లతోనూ, ఎస్‌జీపీటీ వర్గమూలంతోనూ భాగించాలి. 1.3 లోపు వస్తే లివర్‌లో మచ్చకట్టడం ముదిరి ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి చూపించుకోవాలి. నా మొదటి రిపోర్టుతో వేస్తే 1.1 వచ్చింది. అన్నయ్యది నాలుగున్నర.

రెండుసార్లు వేశాను. అంకెలు మార్చి చదివానేమోనని మూడోసారి కూడా వేశాను.

ఆ లెక్క జబ్బును తేల్చదు, అనుమానాన్నే తేలుస్తుంది. కానీ డబ్బాల మీద, మా అమ్మ నోట, నా నోట నలిగిన అంకె ఎస్‌జీపీటీ ఒక్కటే. అది అన్నయ్య విషయంలో దాదాపు మామూలుగా ఉంది. లివర్ అంతా మచ్చకట్టి గట్టిపడే సిర్రోసిస్ వచ్చినవాళ్లలో కూడా అది మామూలుగా ఉండొచ్చు. నా మాటా నమ్మి ఆ మాత్రా మింగి మూడు నెలలకు పరీక్ష చేయిస్తే 36 వచ్చేదేమో. ఇంకో పండగ చేసుకునేవాళ్లం.

అన్నయ్యకు ఇవన్నీ చెప్తే వినడు. వదినకు ఫోన్ చేశాను. హెపటైటిస్ బి, సి పరీక్షలు ఎప్పుడైనా చేయించారా అంటే "అవేంటమ్మా" అంది. రాజమండ్రిలో గ్యాస్ట్రో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోమన్నాను. లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ రాయొచ్చు, భయపడొద్దు, సూదులుండవు అని చెప్పాను. తాగుడు మానమని నేను చెప్తే బాగుండదు, డాక్టరుతో చెప్పించమన్నాను. మాత్ర పేరు మాత్రం చెప్పలేదు.

మొన్న శుక్రవారం ఆసుపత్రి బెంచీ మీద నుంచి వదిన ఫోన్ చేసింది. లోపల స్కాన్ తీస్తున్నారట. ఇంకో మాట చెప్పడానికి కాస్త నసిగింది.

"మీ అన్నయ్య ఆ మాత్రల పేరు పిన్నిగారిని అడిగి తెప్పించేసుకున్నారమ్మా. రెండు డబ్బాలు. వారం నుంచి వేసుకుంటున్నారు. రెండు వేల మూడొందలు అయింది, పారెయ్యమంటావా?"

"పారెయ్యొద్దు వదినా, సంచిలో ఉంటే తీసి చేత్తో పట్టుకో. డాక్టరుగారికి వెనక వైపు చూపించు" అన్నాను.